హ్యాండిల్ ఊగుతోందా? కోన్ సెట్ మార్చే ముందు ఇవి చూసుకోండి

ఫజ్ర్ నమాజు తర్వాత పాల ప్యాకెట్లు వేయడానికి వెళ్లేదీ ఆ బండే, పిల్లల్ని స్కూల్లో దింపేదీ ఆ బండే, సాయంత్రం అమ్మీని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లేదీ ఆ బండే. చాలా ఇళ్లలో ఉన్నది ఒక్క బండి. 100 సీసీదో, 125 సీసీదో అయి ఉంటుంది. ఒకరోజు 40 స్పీడు దగ్గర హ్యాండిల్ అటూ ఇటూ వణకడం మొదలవుతుంది. షెడ్డుకు తీసుకెళ్తే, బండిని స్టాండ్ కూడా వేయకుండానే 'కోన్ సెట్ పోయింది భాయ్' అనేవాళ్లు ఉంటారు. డబ్బులు పెట్టి కోన్ సెట్ మార్పించాక కూడా కొన్ని బండ్లు అలాగే ఊగుతాయి. ఎందుకంటే అసలు తేడా ముందు టైరులో తగ్గిన గాలి దగ్గరో, వంగిన రిమ్ దగ్గరో ఉండిపోయింది.

హ్యాండిల్ ఊగడం జ్వరం లాంటిది. జ్వరం ఒకటే, కారణాలు చాలా. పైసా ఖర్చులేని కారణం నుంచి మొదలుపెట్టి, ఖర్చున్న కారణం వైపు వరుసగా వెళ్తే డబ్బు మిగులుతుంది, ప్రమాదమూ తప్పుతుంది.

అసలు ఎందుకు ఊగుతుంది?

ఆసుపత్రిలో స్ట్రెచర్ తోస్తుంటే ఒక్కోసారి చక్రం గడగడమని అటూ ఇటూ కొట్టుకోవడం చూసే ఉంటారు. బండి ముందు చక్రం కూడా అలాంటిదే. గుంత తగిలి కాస్త పక్కకు తిరిగినా తనంతట తానే తిన్నగా అయ్యేలా ముందు ఫోర్కును వాలుగా పెడతారు. అన్నీ బిగుతుగా, సరిగ్గా ఉంటే చక్రం ఒక్క కదలికతో సర్దుకుంటుంది. ఎక్కడైనా లూజు ఉంటే తిన్నగా రావలసిన చక్రం ఆ చోటు దాటి అవతలి వైపు పోతుంది. మళ్లీ ఇటు వస్తుంది, మళ్లీ అటు పోతుంది. అదే చేతుల్లో తెలిసే ఊగుడు.

ఎప్పుడు ఊగుతోందో గమనించండి

సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది.

• 40–50 మధ్య, ముఖ్యంగా యాక్సిలరేటర్ వదిలి స్పీడు తగ్గుతున్నప్పుడు ఊగితే ముందు టైరు, రిమ్, కోన్ సెట్ మీద అనుమానం.
• స్పీడు పెరిగేకొద్దీ ముందు భాగం కాకుండా బండి మొత్తం మెల్లగా పాములా వంకర్లు తిరిగితే వెనుక టైరు, స్వింగ్ ఆర్మ్ బుష్, వెనుక పెట్టిన బరువు చూడాలి.
• ముందు బ్రేక్ పట్టినప్పుడే కొట్టుకుంటే బ్రేక్ డ్రమ్ము లేదా డిస్కు చూపించాలి. కోన్ లూజు ఉన్నా బ్రేక్ పట్టగానే మెడ దగ్గర 'టక్' మంటుంది.
• బండి ఆగి ఉన్నా, రేస్ ఇచ్చినప్పుడు హ్యాండిల్ జుమ్మని అదిరితే అది ఊగుడు కాదు, ఇంజన్ వైబ్రేషన్. ఇంజన్ ఫౌండేషన్ బోల్టులు చెక్ చేయించాలి.

ఒక హెచ్చరిక. ఊగుడు తెలుసుకోవడానికి రోడ్డు మీద హ్యాండిల్ వదిలేసి చూసే అలవాటు కొందరికి ఉంది. అది ఎవరూ చేయకూడదు. కింద చెప్పే పరీక్షలన్నీ ఇంటి ముందు, ఇంజన్ ఆపేసి చేసుకునేవే.

మొదట గాలి, తర్వాత టైరు

చాలా 100–125 సీసీ బండ్లకు ముందు టైరులో సుమారు 25 పీఎస్‌ఐ గాలి ఉండాలి. వెనుక టైరుకు ఒక్కరే నడిపితే 28 దగ్గర, ఇద్దరు కూర్చుంటే ఇంకా ఎక్కువ కావాలి. మీ బండికి ఎంతో చైన్ కవర్ దగ్గరి స్టిక్కర్ మీదో, బండితో ఇచ్చిన పుస్తకంలోనో రాసి ఉంటుంది. టైరు చల్లగా ఉన్నప్పుడే, అంటే ఉదయం బండి తీయగానే, గాలి కొలిపించాలి. వేలితో నొక్కి చూసి 'ఉందిలే' అనుకుంటే లెక్క తప్పుతుంది.

తర్వాత టైరు చుట్టూ చూడండి. పక్కన ఎక్కడైనా ఉబ్బిందా? గాట్లు పడ్డాయా? ముందు టైరు ఒకవైపే అరిగిందా, లేక అలలు అలలుగా అరిగిందా? టైరు గీతల మధ్య చిన్న దిమ్మల్లాంటి అరుగుదల గుర్తులు ఉంటాయి. గీతలు అరిగి వాటితో సమానమైతే టైరు పని అయిపోయినట్టే. పంచర్ వేయించిన వెంటనే ఊగుడు మొదలైతే టైరు రిమ్ములో సరిగ్గా కూర్చోలేదేమో చూడాలి. రిమ్ అంచు పక్కన టైరు మీద ఒక సన్నని గీత ఉంటుంది. అది చుట్టూ రిమ్ముకు ఒకే దూరంలో కనిపించాలి. ఒకచోట లోపలికి పోయినట్టుంటే గాలి తీసి మళ్లీ కూర్చోబెట్టించాలి.

రిమ్, స్పోక్స్, వీల్ బేరింగ్

బండికి సెంటర్ స్టాండ్ వేసి, ఇంకొకరిని వెనుక క్యారియర్ మీద గట్టిగా అదమమనండి. ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. ఒక అగ్గిపుల్లనో పెన్సిల్‌నో ఫోర్కుకు ఆనించి, దాని మొన రిమ్ అంచుకు దగ్గరగా ఉంచి చక్రాన్ని చేత్తో తిప్పండి. మొనకూ రిమ్ముకూ మధ్య సందు అంతటా ఒకేలా ఉండాలి. ఒకచోట తగిలి ఇంకోచోట దూరం జరిగితే రిమ్ బెండు ఉంది. స్పోక్స్ ఉన్న చక్రమైతే ఒక్కో స్పోక్‌ను చిన్న స్పానర్‌తో తట్టండి. బిగుతుగా ఉన్నది ఖంగుమంటుంది, లూజుగా ఉన్నది మొద్దుగా పలుకుతుంది. చిన్న బెండును స్పోక్స్ బిగించి సరిచేయొచ్చు. అలాయ్ వీల్ పగిలినా, బాగా వంగినా మార్చడమే మేలు.

ఇప్పుడు చక్రాన్ని పైనొక చేత్తో, కిందొక చేత్తో పట్టుకుని అటూ ఇటూ ఊపండి. ఫోర్కు కదలకుండా చక్రం ఒక్కటే టక్కుటక్కుమంటే వీల్ బేరింగ్ అరిగింది, లేదా యాక్సిల్ నట్టు లూజుగా ఉంది.

ఇక కోన్ సెట్ సంగతి

చక్రం గాల్లో ఉండగానే ముందు కూర్చుని, రెండు షాక్‌ల అడుగు భాగాన్ని పట్టుకుని మీ వైపు లాగి, వెనక్కి తోయండి. సాయం ఉన్నవాళ్లు ఆ సమయంలో హ్యాండిల్ కింద, ఛాసిస్ మెడ దగ్గర వేలు పెట్టి ఉంచాలి. అక్కడ కదలిక తెలిసిందంటే కోన్ లూజు.

తర్వాత హ్యాండిల్‌ను మెల్లగా ఒక చివర నుంచి ఇంకో చివరకు తిప్పండి. వెన్నలా తిరగాలి. సరిగ్గా మధ్యలోకి రాగానే గుంటలో పడ్డట్టు ఆగితే లోపలి బాల్ రేసుల్లో గుంటలు పడ్డాయి. బండి ఎక్కువసేపు తిన్నగానే పోతుంది కాబట్టి, రోడ్డు గుంతల దెబ్బలన్నీ రేసులో అదే చోట పడతాయి. అందుకే ఆ గుంట మధ్యలోనే తగులుతుంది. అలాంటప్పుడు ఎంత బిగించినా లాభం లేదు. పైదీ కిందదీ కలిపి పూర్తి సెట్ మార్చాలి.

లూజు మాత్రమే ఉండి గుంట లేకపోతే మంచి గ్రీజు పెట్టి, సరిపడా బిగిస్తే చాలు. ఇక్కడే ఎక్కువ పొరపాటు జరుగుతుంది. ఊగుతోందని కోన్ నట్టును బలంగా బిగించేస్తారు. ఊగుడు తగ్గినట్టే ఉంటుంది కానీ హ్యాండిల్ పట్టేసి, మెల్లగా పోయేటప్పుడు బండి తాగినవాడిలా తూలుతుంది. కొత్త రేసులు కూడా త్వరగా పాడవుతాయి. సరైన బిగింపుకు ఒక గుర్తు ఉంది. లాగితే కదలకూడదు. చక్రం గాల్లో ఉన్నప్పుడు వేలితో నెడితే మాత్రం హ్యాండిల్ తనంతట తానే పక్కకు వాలిపోవాలి. కొత్త సెట్ వేయించాక కొన్ని వందల కిలోమీటర్లకు మరోసారి చూపించాలి, కొత్త రేసులు సర్దుకుని కాస్త లూజవుతాయి.

వెనుక భాగాన్ని మరవద్దు

స్వింగ్ ఆర్మ్‌ను వెనుక చివర పట్టుకుని పక్కలకు ఊపండి. కదిలితే బుష్‌లు అరిగాయి. చైన్ బిగించినప్పుడు రెండు వైపులా ఉన్న అడ్జస్టర్ గుర్తులు ఒకే లెక్కలో ఉండాలి. తేడా ఉంటే వెనుక చక్రం వంకరగా నిలబడి బండి ఒక పక్కకు లాగుతుంది.

బరువు కూడా కారణమే. నిండిన గ్యాస్ సిలిండర్ సుమారు 30 కిలోలు తూగుతుంది. దాన్ని వెనుక చివర కట్టుకుంటే ముందు చక్రం మీద బరువు తగ్గి హ్యాండిల్ తేలికవుతుంది. రంజాన్ షాపింగ్ సంచులను హ్యాండిల్‌కు తగిలిస్తే వాటి ఊపుకు హ్యాండిల్ ఊగుతుంది. బండి మీద నడిపేవారు కాకుండా ఇంకొక్కరే కూర్చోవాలని చట్టం చెబుతోంది. అబ్బా, అమ్మీ, ఇద్దరు పిల్లలు ఒకే బండి మీద వెళ్తున్నప్పుడు హ్యాండిల్ వణికితే ఆపడం చాలా కష్టం.

దారిలో ఊగితే ఏం చేయాలి?

భయంతో హ్యాండిల్‌ను బిగపట్టకూడదు. ముందు బ్రేక్ గట్టిగా కొట్టకూడదు. స్పీడు పెంచి దాటేద్దామనీ అనుకోకూడదు. మోకాళ్లతో ట్యాంకును నొక్కి పట్టి, ఒళ్లు కాస్త ముందుకు వంచి, చేతులు వదలకుండా తేలిగ్గా పట్టుకుని, యాక్సిలరేటర్‌ను మెల్లగా తగ్గించాలి. స్పీడు పడ్డాక వెనుక బ్రేక్ నెమ్మదిగా వేసి పక్కన ఆపాలి. తర్వాత గాలి చూడాలి, బరువు సర్దాలి. ఊగుడు పోకపోతే పిల్లల్ని ఆటోలో పంపి, బండిని మెల్లగా షెడ్డుకు తీసుకెళ్లాలి.

పడ్డ బండైతే, సెకండ్ హ్యాండ్ బండైతే

బండి ఒకసారి పడ్డాక ఊగుతుంటే ఫోర్కు వంగిందేమో చూడాలి. ముందు నుంచి చూస్తే రెండు షాక్‌లు సమాంతరంగా ఉండాలి. ఛాసిస్ మెడ కింద పెయింట్ పగిలినా, ముడతలు పడినా అక్కడ ఇనుము వంగి ఉండొచ్చు. సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు మెడ దగ్గర అలాంటి గుర్తు కనిపిస్తే ఎంత చౌకగా ఇస్తామన్నా వదిలేయడమే మంచిది.

షెడ్డుకు వెళ్లినప్పుడు 'హ్యాండిల్ ఊగుతోంది' అని ఊరుకోకుండా, ఏ స్పీడులో, బ్రేక్ పట్టినప్పుడా వదిలినప్పుడా, ఒక్కరున్నప్పుడా ఇద్దరున్నప్పుడా చెప్పండి. గాలి, టైరు, రిమ్ చూసుకునే వచ్చామని చెప్పండి. పని తెలిసిన ఉస్తాద్ ఆ మాటలు వినగానే ఏం విప్పాలో తెలుసుకుంటాడు. పాత సామాను తీశాక చూపించమని అడగండి. రేసులో గుంటలుంటే వేలి కొనకే తగులుతాయి. నున్నగా ఉంటే కొత్తది కొనే పని లేదు.