ఆకుకూర అమ్మి టానిక్ కొనవద్దు

తెల్లవారకముందే తోటకూర, పాలకూర కట్టలు కట్టి విశాఖ పూర్ణా మార్కెట్‌కు వేస్తారు. వచ్చిన డబ్బుతో పిల్లలకు బలమని టానిక్కో, డబ్బా పొడో కొంటారు. ఈ బేరం గిట్టుబాటేనా?

ఆకుకూరల్లో బీటా కెరోటిన్ ఉంటుంది. శరీరం దాన్ని విటమిన్-ఎగా మార్చుకుంటుంది. కూరగాయలు బాగా తినేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని గమనించిన శాస్త్రవేత్తలు ఆ గుణం బీటా కెరోటిన్‌దే అనుకున్నారు. ఫిన్లాండ్‌లో పొగతాగే 29 వేల మంది మగవారిలో కొందరికి ఆ మాత్రలిచ్చి 5 నుంచి 8 ఏళ్లు పరిశీలించారు. 1994లో ఫలితాలు వెలువడ్డాయి. మాత్ర మింగినవారిలో క్యాన్సర్ తగ్గలేదు సరికదా, 18 శాతం ఎక్కువగా కనిపించింది. ఒక్క పదార్థాన్ని విడదీసి మింగితే కూర తిన్న ఫలం రాదన్నమాట.

కూరలో పీచు, ఇనుము, ఫోలిక్ ఆమ్లం వంటివెన్నో కలిసి ఉంటాయి. కాస్త నూనె వేసి వండితే కెరోటిన్ ఒంటపడుతుంది. నిమ్మరసం పిండితే ఇనుము బాగా అందుతుంది. తిన్న వెంటనే టీ తాగితే అది తగ్గిపోతుంది.

మన చోళ్ల సంగతీ అంతే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల చోళ్లలో కాల్షియం 364 మిల్లీగ్రాములు. పాలిష్ పట్టిన బియ్యంలో 10 మిల్లీగ్రాములు కూడా లేదు.

అలాగని మాత్రలన్నీ దండగ కావు. గర్భిణులకు ఆసుపత్రిలో ఇచ్చే ఐరన్ మాత్రలు మానకూడదు. అవి లోపానికి మందు. రోజువారీ బలానికి మాత్రం తిండే ఆధారం.

మార్కెట్‌కు పంపే పది కట్టల్లో ఒకటి ఇంటికి ఉంచండి. గట్టు మీద రెండు మునగ మొక్కలు నాటండి. పొద్దున్నే పిల్లలకు చోడి అంబలి పొయ్యండి.