వాతావరణ దత్తాంశ సర్వర్‌కు ఐపీ చిరునామా వడపోత: ఆవశ్యకత, పరిమితులు

మైదుకూరు ప్రాంతపు పసుపు ఇంచుమించు తొమ్మిది నెలల పంట. ఆకుమచ్చ, దుంపకుళ్ళు తెగుళ్ళ ఉద్ధృతి వర్షపాతం, తేమలపై ఎంతగానో ఆధారపడి ఉంటుంది. కనుక తెగుళ్ళ ముందస్తు సూచనకు పొలంలోని స్వయంచాలిత వాతావరణ కేంద్రం నమోదు చేసే అంకెలు కీలకం. ఇటువంటి కేంద్రాలు పలుచోట్ల ఎఫ్‌టీపీ పద్ధతిలో తమ ఫైళ్ళను సర్వర్‌కు చేరవేస్తాయి. ఆ ఫైళ్ళను అన్యులు మార్చితే రైతుకు తప్పుడు సలహా అందుతుంది. చెరిపివేస్తే, గడచిన నాటి వర్షాన్ని తిరిగి కొలవలేము.

వడపోత విధానం

సర్వర్‌ను చేరే ప్రతి కనెక్షన్‌కు ఒక ఐపీ చిరునామా ఉంటుంది. పాస్‌వర్డ్ అడగక ముందే సర్వర్ దానిని నియమాల జాబితాతో పోల్చి, అనుమతించడమో తిరస్కరించడమో చేస్తుంది. ఉదాహరణకు 203.0.113.0/24 అన్న నియమం 256 చిరునామాలకు వర్తిస్తుంది. చివర /32 ఉంటే ఒక్క చిరునామాకే పరిమితమవుతుంది.

నియమాల క్రమం మిక్కిలి ముఖ్యం. పలు పాత లినక్స్ సర్వర్లలోని టీసీపీ వ్రాపర్స్ మొదట అనుమతి జాబితాను, తరువాత నిషేధ జాబితాను పరిశీలిస్తుంది. రెండింటిలోనూ లేని చిరునామాకు ప్రవేశం లభిస్తుంది! అందువల్ల అనుమతి జాబితా మాత్రమే రాస్తే వడపోత లేనట్లే. నిషేధ జాబితాలో ఆ సేవ పేరు ఎదుట ‘ఆల్’ అని తప్పక చేర్చాలి. ఐపీవీ6 కనెక్షన్లను సర్వర్ స్వీకరిస్తున్నట్లయితే వాటికీ విడిగా నియమాలు రాయాలి.

పరిమితులు, జాగ్రత్తలు

మొబైల్ సిమ్ ద్వారా దత్తాంశం పంపే కేంద్రానికి సాధారణంగా స్థిరమైన చిరునామా ఉండదు. పైగా ఒకే బహిరంగ చిరునామాను అనేకమంది చందాదారులు పంచుకుంటారు. నేడు అనుమతించిన చిరునామా రేపు మారితే మన కేంద్రమే వెలుపల నిలిచిపోతుంది. అలాగని మొబైల్ సంస్థ చిరునామాలన్నింటినీ అనుమతిస్తే అపరిచితులకూ ద్వారం తెరచినట్లవుతుంది. స్థిర చిరునామా గల సిమ్ గాని, వీపీఎన్ గాని ఇందుకు తగిన పరిష్కారం. పంపలేకపోయిన ఫైళ్ళను కేంద్రంలోని డేటా లాగర్ నిల్వ ఉంచి, మరల పంపేటట్లు అమర్చుకోవాలి.

ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ రహస్య లిపిలో కాక యథాతథంగా ప్రయాణిస్తుంది. వడపోత ఈ లోపాన్ని సరిచేయదు. కనుక వీలైనచోట ఎస్‌ఎఫ్‌టీపీని వినియోగించాలి. తిరస్కరించిన కనెక్షన్ల నమోదును వారానికొకసారి పరిశీలిస్తే, మన కేంద్రమే నిలిచిపోయిందేమో కూడా తెలుస్తుంది. కంచె వేసినంత మాత్రాన పొలానికి కావలి మానుకోము, దత్తాంశానికీ అంతే.