గిటారును బుఱ్ఱవీణయు

మేము సంగీతవిద్వాంసులము కాము. గురుముఖమున సరళీవరుసలను సయితము నేర్చినవారము కాము. పగలు పాఠములు చెప్పి, సాయంకాలము దీపము పెట్టిన పిదప ఆఱుతీగల గిటారును ఒడిలో బెట్టుకొని తోచినంతసేపు వాయించుకొనువారము మాత్రమే. హైదరాబాదులో చదువుకొను దినములలో ఒక మిత్రుని గదిలో ప్రథమముగా ఈ వాద్యమును జేతబట్టితిమి. ఆ మిత్రుని యొద్ద నున్నవన్నియు 1960, 1970 ప్రాంతముల ఇంగ్లండు, అమెరికా దేశములలో వెలువడిన ‘రాక్’ పాటలు. బీటిల్స్ వారు, బాబ్ డిలన్, యానిమల్స్ అను బృందమువారు—వీరి పాటలను వ్రేళ్లు బొబ్బలెక్కునట్లు సాధనచేసితిమి. అది సంగీతమని మా యింటివారు ఒప్పుకొనుటకు చాలకాలము పట్టినది. ఇప్పటికిని మా తల్లిగారు దానిని “ఆ గుంజుడు” అనియే చెప్పుదురు.

అట్టి మేము మన మక్తల్ సీమలోని తీగవాద్యములను గూర్చి ఈ సంచికలో వ్రాయుటకు కారణ మొకటి కలదు. అది మాకు గౌరవము తెచ్చునది కాకపోయినను మొదట దానినే చెప్పుదుము.

కొన్ని సంవత్సరముల క్రిందట నారాయణపేట త్రోవలో ఒక గ్రామమున జాతర జరుగుచుండెను. వేపచెట్టు నీడను ఒక వృద్ధుడు కూర్చుండి, వెదురుదండమునకు సొరకాయ బుఱ్ఱలు కట్టిన వాద్యమును మీటుచు తత్త్వములు పాడుచుండెను. తెలుగు చరణము వెంట కన్నడ చరణము వచ్చుచుండెను. చుట్టును కూర్చున్నవారికి రెండును ఇంటిమాటలే గనుక ఎవరును వింతపడలేదు. మేము మాత్రము మా విద్యను చూపదలచి, శ్రుతిని కొలుచు యంత్రమును జేబులోనుండి తీసి చూచితిమి. ముల్లు గుర్తునకు క్రిందుగా నిలిచెను. “తాతా, తీగె జెర దిగింది, బిగియాలె” అంటిమి. ఆయన కోపగింపలేదు. “సారూ, మొదలు పాట ఇనుండ్రి, ఎన్క జెప్పుండ్రి” అనెను.

పాట ముగియువఱకు విన్న పిదపగాని మాకు బోధపడలేదు. ఆయన గొంతు ఏ స్థానమున నిలుచుచున్నదో తీగయు సరిగా నా స్థానముననే పలుకుచున్నది. వయస్సుతో గొంతు దిగినకొలది తీగను గూడ దించుకొనుచు వచ్చియుండును. మా యంత్రము చూపిన కొలత యన్ననో, 1939లో లండను నగరమున పెద్దలు సమావేశమై, వాద్యబృందములన్నియు కలిసి పలుకుటకై, ఒక స్వరమునకు సెకనుకు 440 కంపనము లుండవలెనని నిర్ణయించినది. ఒంటిగా పాడుకొను ఆ వృద్ధునకు దానితో పనియేమి? ఆ సిగ్గు మమ్మును చాలదినములు వదలలేదు. దానిచేతనే ఈ వాద్యములను గూర్చి తెలిసికొన మొదలిడితిమి.

తీగవాద్యముల మర్మము మన విద్యార్థులలో చిన్నవారికిని తెలియదగినదే. బిగించిన తీగను మీటినచో కంపించును. తీగ పొడవు తగ్గినకొలది కంపనములు త్వరపడి స్వరము హెచ్చును. సరిగా సగముచేసి మీటినచో మొదటి స్వరమే పైస్థాయిలో పలుకును. గిటారు మెడపై అడ్డముగా దిగగొట్టిన లోహపు కడ్డీలకును, కిన్నెర దండముపై మైనముతో నిలిపిన మెట్లకును పని యొక్కటియే: తీగను వ్రేలితో అదిమినపుడు దాని పలుకు పొడవును కావలసినచోట తుంచుట.

ఆ మెట్లను ఎచ్చట నిలుపవలెనను విషయమున మాత్రము రెంటి దారులు వేఱు. గిటారుది లెక్క. తీగ పొడవు 65 సెంటీమీటర్లయినచో దానిని 17.8 చేత భాగింపగా వచ్చు 3.65 సెంటీమీటర్ల దూరమున మొదటి మెట్టు. మిగిలిన పొడవును మఱల 17.8 చేత భాగించి రెండవ మెట్టు. ఇట్లు చేయుచు పోగా పండ్రెండవ మెట్టు తీగకు నట్టనడుమ, 32.5 సెంటీమీటర్లకడ వచ్చును. పదవ తరగతివారు కాగితముపై చేసి చూచుకొనవచ్చును. మేము చేసి చూచినపుడు లెక్కలమాస్టరుగారు మాకంటె ఎక్కువ సంతోషించిరి. మన సీమ కిన్నెరకును పండ్రెండు మెట్లే. ‘పండ్రెండుమెట్ల కిన్నెర’ యనియే దానిపేరు. సంఖ్యలు కలిసినవని రెండును ఒక్కటే యనుకొనరాదు. కిన్నెర మెట్టు చేసినవాని చెవి చెప్పినచోట నిలుచును. మైనము గనుక కరగించి జరుపుకొనవచ్చును. ఒకరి కిన్నెరపై నేర్చినవాడు మఱియొకరి కిన్నెరను చేతబట్టినపుడు దాని మెట్లను మఱల పరిచయము చేసికొనవలసినదే. పూర్వము ఈ మెట్లను అలుగు అను జంతువు పొలుసులతో చేసెడివారు. నేడు ఆ జంతువు చట్టరక్షణ గలది గనుక ఆ పని కూడదు.

తీగ తానొక్కటే పలికిన ధ్వని పది బారల దూరమైనను పోదు. సన్నని తీగ కదల్చు గాలి మిక్కిలి కొంచెము. అందుచేత దాని కంపనమును ఒక బోలు పాత్రకు చేర్చి, ఆ పాత్రలోని గాలిని కదల్పవలెను. గిటారునకు పలుచని చెక్కపెట్టె యందులకే. మన వాద్యములకు ముదిరి యెండిన సొరకాయ బుఱ్ఱ ఆ పని చేయును. గింజలు తీసి, లోపల నున్నగా గీకి, దండమునకు క్రిందుగా కట్టుదురు. కిన్నెరకు సామాన్యముగా మూడు బుఱ్ఱలు. వెదురు, సొరకాయ, తేనెపట్టు మైనము—ఇవన్నియు చేనిగట్టున దొరకునవే. తీగలు పూర్వము జంతువుల నరములతో పేనినవి, నేడు లోహపువి. పైని పూసలు, అద్దపుబిళ్లలు, నెమలి యీకలు అలంకారమునకు. మేము మెచ్చు రాక్ సంగీతమువారు పెట్టెను గూడ విడిచి, తీగక్రింద అయస్కాంతమును, దానిచుట్టు రాగితీగచుట్టను పెట్టి, తీగ కదలికను విద్యుత్తుగా మార్చిరి. అట్టి గిటారు 1932లో అమెరికాలో అంగడికి వచ్చినది. సొరకాయ చేయు పనినే అది వేయింతలుగా చేసినది.

కిన్నెర మనకు క్రొత్తది కాదు. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున కిన్నెర బ్రహ్మయ్య యను భక్తుని కథయే కలదు. మన కాలమున దానిని లోకమునకు తెలియజేసినవారు దర్శనం మొగిలయ్యగారు. వీరిది పూర్వపు మహబూబునగరము జిల్లా, నేటి నాగరుకర్నూలు జిల్లాలోని అవుసలికుంట గ్రామము. ధనికుల సొమ్ము తీసి పేదలకు పంచెనని పాలమూరువారు చెప్పుకొను పండుగ సాయన్న కథను వీరు కిన్నెరపై పాడుదురు. 2022లో భారత ప్రభుత్వము వీరికి పద్మశ్రీ నిచ్చినది. బుఱ్ఱవీణ వాయించు దాసరి కొండప్పగారు మన నారాయణపేట జిల్లాలోని దామరగిద్దవారే. వీరికి 2024లో పద్మశ్రీ వచ్చినది. వెదురు, బుఱ్ఱ, తీగలతోనైన ఆ వాద్యము వారింట మూడు తరములుగా పలుకుచున్నది. తెలుగు తత్త్వములను, కన్నడ తత్త్వములను ఒక్క చేతిమీదుగా పాడుట మన సరిహద్దు సీమకు సహజమైన విద్య.

ఇచ్చట ఒక విషయమును నిదానించి చెప్పవలెను. గిటారు విఱిగినచో మేము హైదరాబాదు పోయి మఱియొకటి కొని తెచ్చుకొందుము. దానిని చేయువాడొకడు, అమ్మువా డొకడు, నేర్పువా డొకడు, వాయించువా డొకడు. వీరిలో ఒకడు లేకున్నను పని సాగును. కిన్నెర యట్లు కాదు. అది ప్రధానముగా డక్కలివారి వాద్యము. మాదిగలకు ఆశ్రితులై, వారి వంశకథలను, జాంబపురాణమును చెప్పుకొని ఊరూర తిరిగి బ్రదికిన జాతి వారిది. వాయించువాడే దానిని చేసికొనును. చేసికొన్నవాడే పాట నెఱుగును. ఆ పాటయు వ్రాతలో లేదు. ఒక్క ముసలివాడు కన్ను మూసినచో వాద్యము చేయు విధము, మెట్లు నిలుపు విధము, కథ—మూడును ఒకేదినమున పోవును. కుమారుడు కూలికై బొంబాయికో పూనాకో పోయియుండును. పాలమూరు కూలీలు ఎన్ని దేశములలో ఎన్ని ఆనకట్టలు కట్టిరో మనకందఱకు తెలిసినదే. వారివెంట పోయిన పాటలలో ఎన్ని తిరిగివచ్చినవో ఎవరును లెక్కింపలేదు.

మా రాక్ పాటలును ఇట్టి నేలనుండి మొలచినవే యని తెలిసికొన్నపుడు మాకు కలిగిన యాశ్చర్య మింతంత కాదు. మేము మొదట నేర్చిన పాటలలో యానిమల్స్ వారు 1964లో పాడిన ‘హౌస్ ఆఫ్ ది రైజింగ్ సన్’ యొకటి. అది వారి రచనయే యని మేము చాలకాలము నమ్మితిమి. నిజమునకు అది పల్లెపాట. 1937లో అలన్ లోమాక్సు అను నతడు ధ్వనిముద్రణయంత్రమును బండిలో వేసికొని కెంటకీ కొండసీమలలో తిరుగుచు, మిడిల్స్‌బరో అను ఊరిలో జార్జియా టర్నర్ అను పదునాఱేండ్ల బాలిక పాడగా దానిని పట్టుకొనెను. ఆమె బీదయింటి పిల్ల. ఆ పాటనే 1962లో డిలన్ తన మొదటి రికార్డులో పాడెను. రెండేండ్లకు యానిమల్స్ విద్యుద్గిటారుతో పాడి లోకమంతట మ్రోగించిరి. ఆ పాట ఆమె యొక్కతెకే తెలిసినది కాదు గాని, మన పాఠశాలలోని తొమ్మిది పది తరగతుల బాలికల యీడు పిల్ల పేరు ఒక పాటకు తోడుగా నిలిచియుండుట లోమాక్సు వ్రాసికొన్నందుననే కదా!

మన దేశమునను ఇట్టి పని చేసినవారు లేకపోలేదు. జె. ఎ. బాయిల్ అను ఆంగ్లేయుడు సర్వాయి పాపని పాట మొదలగు తెలుగు కథాగేయములను గూర్చి 1874లోనే ‘ఇండియన్ యాంటిక్వెరీ’ పత్రికలో ప్రకటించెను. తరువాత బిరుదురాజు రామరాజుగారు ఊరూర తిరిగి పాటలు సేకరించి, తెలుగు జానపదగేయములపై ఉస్మానియా విశ్వవిద్యాలయమున పరిశోధన చేసిరి. నాటి పండితులు కొందఱకు అది విద్యగా తోచియుండదు. ఇప్పుడు ఆ దారిని పలువురు నడచుచున్నారు. పాటకు క్రొత్త ప్రాణము పోసినవారిలో మన పాలమూరు సీమవారే యగు గోరటి వెంకన్నగారిని చెప్పవలెను. పల్లెబాణీలలోనే స్వంతపాటలు కట్టిన వీరి ‘వల్లంకి తాళం’ 2021వ సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము నందినది.

యంత్రములు వచ్చి పల్లెపాటను చెఱచినవని పెద్దలు కొందఱు చెప్పుదురు. ఈ తగవును పాతదే. 1965 జులై 25వ తేదీని న్యూపోర్టు జానపదగీతోత్సవమున డిలన్ విద్యుద్గిటారుతో నిలువగా, వినవచ్చినవారిలో కొందఱు కేకలువేసి నిరసించిరి. 2021లో ‘భీమ్లా నాయక్’ చిత్రపు పాట మొదట మొగిలయ్యగారి గొంతును కిన్నెరయు వినబడినపుడు మన యుపాధ్యాయులలోను ఇట్టి చర్చ జరిగినది. సినిమాలో కొన్ని నిమిషములు వినబడిన మాత్రమున ఏమి లాభమని యొకరనిరి. మా యభిప్రాయము వేఱు. ఆ పాట వచ్చిన వారముననే ఆఱవ తరగతి పిల్లవా డొకడు, “సార్, మా ఊర్ల గూడ గిట్లనే ఒక తాత వాయిస్తడు” అని మాతో చెప్పెను. అంతకుముందు వానికి ఆ తాత చెప్పుకొనదగినవాడని తోచలేదు. మేము శంకించునది సినిమాను కాదు. పిల్లల యీ మౌనమును.

ఆ మౌనమును గూర్చియే మఱికొంత చెప్పవలెను. రెండేండ్ల క్రిందట మేము ఒక లావుపాటి నోటుపుస్తకమును కొని, ఇంటిలో అవ్వలు తాతలు పాడు పాటలను వ్రాసితెండని విద్యార్థులతో చెప్పితిమి. బతుకమ్మ పాటలు, నాట్లపాటలు, తిరుగటి పాటలు, పీర్లపండుగనాడు గుండముచుట్టు ఆడుచు పాడు పాటలు వచ్చినవి. కొందఱు సిగ్గుపడి, సినిమాపాటలను ఎక్కించి తెచ్చిరి. ఒక బాలుడు “మా ఇంట్ల ఎవ్వరు పాడరు సార్” అని ఖండితముగా చెప్పెను. కొన్ని నెలలకు వాని యవ్వ ఊరూర పేరుపొందిన పాటగత్తె యని తెలిసినది. ఆమె పాడుట చూచి తోటిపిల్లలు జాతిపేరు పెట్టి నవ్వుదురని వాడు దాచెను. మేము వానిని ఏమియు అనలేదు. వాడు దాచుటకు కారణమైన నవ్వు మన తరగతిగదులలోనిదే గదా.

పుస్తకములో వ్రాయువారికి మేము చెప్పిన నియమములు కొన్నియే. పాడినవారి పేరు, ఊరు వ్రాయవలెను. ఎవరియొద్ద నేర్చిరో, ఏ పనివేళ పాడుదురో వ్రాయవలెను. మాటలను పాఠ్యపుస్తకపు భాషలోనికి దిద్దరాదు. తెలుగు నడుమ కన్నడము గాని ఉర్దూ గాని వచ్చినచో అట్లే యుంచవలెను. అర్థము తెలియని మాటక్రింద గీతగీసి విడువవలెను. ఈ కడపటి నియమమును మేమే మొదట తప్పి, ‘సరిచేసి’ చెడగొట్టిన పాట లిప్పటికిని మూడు కలవు.

గడచిన తల్లిదండ్రుల దినమున ఆ బాలుడు, ఎవరును అడుగకయే, తన యవ్వను వెంటబెట్టుకొని వచ్చెను. మేము గిటారుతో తోడువాయించెదమని ముందునకు వచ్చితిమి. ఆమె గొంతు మా శ్రుతికి చాల క్రిందుగా నుండెను. ఈసారి యంత్రమును బయటికి తీయలేదు. ఆఱుతీగలను ఒక్కొక్కటిగా దించి, ఆమె గొంతును వినుచు సరిచూచుకొంటిమి. దానికి ఇంచుమించు పది నిమిషములు పట్టినది. సభలోని పెద్దలు గడియారములు చూచుకొనిరి. మేము వాయింప మొదలిడగానే ఆమె చేయెత్తి, “జెర మెల్లగ, బిడ్డా” అనెను. మేము తగ్గించితిమి. ఆమె పదునొకండు చరణములు పాడెను. మనుమడు పుస్తకములో ఏడు మాత్రమే వ్రాసియున్నాడు. తక్కిన నాలుగింటికై వాడు ఈ సెలవులలో ఆమెయొద్ద కూర్చుండెదనని చెప్పి, పుస్తకమును ఇంటికి తీసికొనిపోయినాడు.