మేలట్టూరు భాగవతమేళము: ఋతువు, యాత్ర, పాఠము

యక్షగానములను గూర్చి మనము చేయు పరిశోధనము సాధారణముగ వ్రాతప్రతులతో మొదలై వ్రాతప్రతులతోనే ముగియును. కవి యెవ్వడు, కాల మెయ్యది, దరువు లెన్ని, ద్విపద లెన్ని, దేశిచ్ఛందస్సుల స్వరూప మెట్టిది అను ప్రశ్నలకు ఆచార్య ఎస్.వి. జోగారావుగారి ‘ఆంధ్ర యక్షగాన వాఙ్మయ చరిత్ర’ (1961) మనకు బాట వేసినది. ఆ బాట వెంట నడచుచు మనము మరియొక ప్రశ్నను గూడ వేసికొనవలసియున్నది. ఈ కృతి ఏ మాసమున, ఏ యూరిలో, ఎవరి యెదుట ఆడబడినది? ఆడినవారు ఆ యూరివారా, పొరుగునుండి వచ్చినవారా? ఇది కేవలము రంగస్థల చరిత్రకు చెందిన విషయమని తోచవచ్చును. కాని ప్రదర్శనకు నియతమైన ఋతువును, నటులు చేయు యాత్రయును గ్రంథపాఠమును సైతము నిర్ణయించునని చూపుట ఈ వ్యాసమునకు ఉద్దేశము. ఇందులకు తంజావూరు మండలమందలి మేలట్టూరు భాగవతమేళమును ప్రధానముగను, కూచిపూడి మేళమును పోలికకొరకును గ్రహించుచున్నాను.

తంజావూరు నేలిన అచ్యుతప్ప నాయకుడు ఐదువందలకు పైబడిన బ్రాహ్మణ కుటుంబములకు తలకొక యిల్లు, బావి, కొంత భూమి ఒసగి మేలట్టూరు అగ్రహారమును నిలిపెనని స్థానిక సంప్రదాయము. ఉన్నతపురి, అచ్యుతాబ్ధి అనునవి దీని పూర్వనామములు. నాయకరాజుల కాలమున తెలుగు ఆ మండలమున ఆస్థానభాష. వారి పిమ్మట వచ్చిన మరాఠా ప్రభువులలో శాహజీ (1684–1712) స్వయముగ తెలుగున యక్షగానములు రచించెను. 1855లో చివరి మరాఠా రాజు మరణముతో ఆ యాస్థానము అంతరించినది. కొలువు పోయినను కావేరీతీర గ్రామములలో తెలుగు నాటకము నిలిచినది. మేలట్టూరుతో పాటు శాలియమంగళము, తేపెరుమానల్లూరు మున్నగు గ్రామములు దీనికి ఆశ్రయములు.

మేలట్టూరున ఆడబడు నాటకములకు కర్త వేంకటరామశాస్త్రి. ప్రహ్లాదచరిత్రము, హరిశ్చంద్ర, మార్కండేయ, ఉషాపరిణయము, రుక్మాంగద, సీతాకల్యాణము, రుక్మిణీకల్యాణము, ధ్రువచరిత్రము, కంసవధ మొదలగునవి ఆతని రచనలు. వీనిని నేడు ఆడువారి యింటిభాష తమిళము. చూచువారిలో అధికులకును అదియే మాతృభాష. తెలుగు ప్రాంతమునకు ఇంత దూరమున, తెలుగు తెలియనివారి నడుమ, తెలుగు నాటకము ఇన్ని తరములు నిలుచుటకు కారణమేమి? భక్తియని సామాన్యముగ చెప్పుదురు. అది నిజమే. కాని భక్తి యొక్కటే పాఠమును కాపాడజాలదు. ఆ భక్తికి ఒక తిథి ఏర్పడియుండుటయే అసలు విషయము.

వైశాఖ శుద్ధ చతుర్దశి నృసింహజయంతి. ఆ రాత్రి వరదరాజస్వామి కోవెల యెదుటి వీథిలో ప్రహ్లాదచరిత్రము ఆడుదురు. అటుపై వరుస రాత్రులలో తక్కిన నాటకములు జరుగును. హరిశ్చంద్ర నాటకమునకు రెండు రాత్రులు పట్టును. మొదట కోణంగి ప్రవేశించి గంతులు వేసి సభను సిద్ధము చేయును. పిమ్మట భాగవతులు తోడయమంగళము పాడుదురు. గణపతి ముఖము ధరించిన బాలుడు వచ్చి పోవును. తరువాత ఒక్కొక్క పాత్రము తెరవెనుకనుండి ప్రవేశదరువుతో వెలువడును. స్త్రీపాత్రలును పురుషులవే. కథ తెల్లవారువరకు నడచును. నృసింహుని ముఖము ఏడాది పొడవున దేవాలయమున పూజలందుకొనునట్టిది. దానిని ధరించువాడు ఉపవాసముండును. ఆవేశము కలిగినపుడు ఆతనిని పదుగురు పట్టుకొనవలసివచ్చును.

ఈ యుత్సవమును నడపునది గ్రామస్థుల సంఘము. నేడు మేలట్టూరున ఇట్టి సంఘములు రెండు కలవు. నటులు వేతనము గొనరు. ప్రేక్షకులు రుసుము చెల్లింపరు. విరాళములే ఆధారము. నటులలో పెక్కుమంది నగరములలో బ్యాంకులందును, కార్యాలయములందును పనిచేయువారు. వారు వైశాఖమునకు సెలవు పెట్టి స్వగ్రామమునకు వత్తురు. లీలావతి పాత్రము ఒక యింటివారిది, హిరణ్యకశిపుడు మరియొక యింటివారిది అన్నట్లు పాత్రములు వంశములను అంటిపెట్టుకొనియుండును. కనుక ఈ నాటకము వారికి వృత్తియు గాదు, వినోదమును గాదు. ఏటేట తీర్చుకొనవలసిన ఋణము.

కూచిపూడి మేళపు చరిత్ర ఇందులకు భిన్నమైనది. మనకు దొరకు తొలి కథనమే యాత్రాకథనము. సిద్ధవటము సీమలో సంబెట గురువరాజు చేయు క్రౌర్యములను చూచిన కూచిపూడి భాగవతులు విజయనగరమునకు పోయి, వీరనరసింహరాయల యెదుట వానిని కేళికగ ప్రదర్శించిరని మాచుపల్లి కైఫీయతు చెప్పును. ఇది పదునారవ శతాబ్ది ఆరంభమునాటి వృత్తాంతము. ఆ కాలమునుండియు మేళము ఊరూర తిరిగినది. పందిరి, రెండు కాగడాలు, పట్టుకొనుటకు ఒక తెర ఉన్న చాలును. ఏ వీథియైనను రంగస్థలమగును. తిరుగు మేళమునకు ప్రతి రాత్రియు క్రొత్త ముఖములే యెదురు. ఆ ముఖములను మెప్పింపవలెను, ఆ యూరి పండితుల ప్రశ్నలకు నిలువవలెను.

ఈ భేదము రచనలలో కనబడును. భామాకలాపమున సత్యభామ తన జడను తెరపై వ్రేలవైచుట ప్రసిద్ధము. విద్యయందు తనను గెలిచినవారు దానిని ఖండింపవచ్చునని దాని భావము. ఈ సవాలు ఎరుగనివారి నడుమనే అర్థవంతము. తన యూరి వీథిలో మేనమామల యెదుట ఆడువాడు జడ వ్రేలవైచి ఎవ్వరిని పందెమునకు పిలుచును? మాధవితో భామ జరుపు సంభాషణము వ్యావహారికమున ఉండుటయు, సభను బట్టి పెరుగుటకును తరుగుటకును వీలిచ్చుటయు ఈ సంచారజీవనమునకు తగియున్నవి. మేలట్టూరు నాటకమునకు సవాలుతో పనిలేదు. కథ అందరెరిగినదే, ఏ దరువు తరువాత ఏ దరువు వచ్చునో వీథిలోని వృద్ధులకు కంఠస్థము. అచట నటుడు మెప్పించుటకంటె తప్పకుండుట ముఖ్యము. కావున కూచిపూడి పాఠము సాగునట్టిది, మేలట్టూరు పాఠము నిలుచునట్టిది అని స్థూలముగ చెప్పవచ్చును. ఒకటి యాత్రాఫలము, మరియొకటి ఋతుఫలము.

ఋతువు పాఠమును ఎట్లు నిలుపునో లిపివిషయమున స్పష్టమగును. మేలట్టూరు నటులలో అనేకులు తమ పాత్రములను తమిళలిపిలో వ్రాసికొని నేర్తురు. ఆ లిపిలో కవర్గమందలి క, ఖ, గ, ఘ లకు ఒకే అక్షరము. తక్కిన వర్గములందును ఇంచుమించుగ ఇదే తీరు. అందుచే ‘కాలి’, ‘గాలి’ అను రెండు మాటలును అచట ఒకే విధముగ వ్రాయబడును. ‘పాకము’నకును ‘భాగము’నకును భేదము కనబడదు. సరళములను, ఒత్తులను గుర్తించుటకు అక్షరముల ప్రక్కన అంకెలు వేయు పద్ధతి కలదు గాని, అందరును అన్నిచోట్ల వేయరు. అనగా ఆ పుస్తకమును మాత్రమే చూచి ఆ తెలుగును సరిగ పలుకుట అసాధ్యము. సరియైన పలుకు పుస్తకమున లేదు. దానిని ఏటేట సరిదిద్దు పెద్దల చెవిలో ఉన్నది.

నేనొక వైశాఖమున ఆ యూరికి పోయితిని. నేను తెలుగు అధ్యాపకుడనని విని, ఒక నటుడు తన పుస్తకమును తెచ్చి ఒక దరువులోని మాటను చూపి, ఇచట ఏ యక్షరము పలుకవలెనని అడిగెను. సందర్భమును బట్టి నాకు రెండర్థములును పొసగినవి. నేను సంశయించుచుండగా, అరుగుపై కూర్చున్న ఒక వృద్ధుడు తాళము వేసికొనుచు ఆ చరణమును మొదటినుండి పాడెను. ఆతడు ఆ మాటకు అర్థము చెప్పలేదు, అడిగినచో చెప్పజాలియుండడేమో. కాని ఆతని నోట ఆ యక్షరము నిస్సంశయముగ పలికినది. నటుడు కలము తీసి అంకె వేసికొనెను. డాక్టరు పట్టము తీర్చలేని సందేహమును పాట తీర్చుట చూచి నేను కొంత సిగ్గుపడితిని. ఆ సంవత్సరము ఉత్సవము జరుగకున్న ఆ ప్రశ్న పుట్టదు. ఆ వృద్ధుడు లేకున్న దానికి సమాధానము లేదు. కొన్ని గ్రామములలో మేళములు ఏండ్ల తరబడి ఆగిపోయినవి. ఆగి మరల మొదలైనవియు కలవు. అట్టి విరామమున లోపించునది ప్రదర్శన మాత్రమే కాదు. పుస్తకము మిగిలియుండగనే పాఠము పోవును.

ఇక నేటి స్థితి. ఇరువదవ శతాబ్దిలో ఇ. కృష్ణయ్యరు (1897–1968) మొదలగువారు ఈ మేళమును గూర్చి నగరములలో తెలియజెప్పిరి. 1950, 60 దశకములలో రుక్మిణీదేవి మదరాసు కళాక్షేత్రమున ఉషాపరిణయ రుక్మాంగదచరిత్రములను తన పద్ధతిని రంగమునకు తెచ్చెను. క్రమముగ మేలట్టూరు సంఘములును చెన్నై, ఢిల్లీ వంటి నగరములలో ప్రదర్శనము లిచ్చుట కలవాటుపడినవి. అనగా ఊరు కదలని మేళము ఇప్పుడు యాత్ర చేయుచున్నది. ఇందులకు వారిని తప్పుపట్టుట న్యాయము గాదు. విరాళములపై బ్రతుకు సంఘమునకు నగరపు ఆదరము అవసరము. యువకులకు ఉత్సాహమును అందుండియే కలుగును. కూచిపూడియు ఇట్టి మార్పునే చవిచూచినది. 1963లో వెంపటి చినసత్యముగారు మదరాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించిన పిమ్మట, రాత్రి పొడవున సాగిన కలాపపు విద్య కొలది గంటల నృత్యనాటకముగ లోకమంతట ప్రసిద్ధి గాంచినది.

అయినను రెండింటికిని ఒక భేదమున్నది. యాత్రకొరకు పుట్టిన కూచిపూడికి సంక్షేపము స్వభావవిరుద్ధము గాదు. మేలట్టూరు నాటకమును రెండు గంటలకు కుదించునపుడు ఏది తొలగునో ఆలోచింపవలెను. భాష తెలియని సభకు దరువు పాటగను, ఆటగను అందును. అందనివి కందములు, సీసములు, ద్విపదలు, వచనములు. కత్తెర మొదట పడునది వీనిమీదనే. మనము సాహిత్యమని దేనిని పిలుచుచున్నామో అదియే మొదట రాలిపోవును. తండ్రికొడుకుల వాదము తెల్లవారుజామువరకు సాగి, పలుమారు బ్రతిమాలి బెదరించి అలసిన హిరణ్యకశిపునకు స్తంభము చూపబడుట వేరు. విద్యుద్దీపముల వెలుగున అరగంటలో స్తంభము పగులుట వేరు. ఆ నిడివి కథకు అలంకారము గాదు, కారణము.

కావున తెలుగుశాఖల కర్తవ్యము స్పష్టమే. మొదటిది, ముద్రితపాఠమును వ్రాతప్రతితోనే గాక వైశాఖరాత్రి వినబడు పాఠముతోను సరిపోల్చుట. రెండవది, పూర్తి రాత్రి ప్రదర్శనములను ధ్వనిముద్రణము చేసి, తెలుగులిపిలో సరిచూచి, ఆ ప్రతిని ఆ గ్రామమునకే సమర్పించుట. మూడవది, యాత్రలో ఏ పద్యములు విడువబడుచున్నవో ఏటేట గుర్తించుట. విడిచినదేదో తెలిసియున్నచో మరల చేర్చుకొనుటకు వీలుండును. నాలుగవది అన్నిటికంటె సులభము: పరిశోధక విద్యార్థులు వేసవి సెలవులలో నృసింహజయంతినాటికి అచటికి పోవుట. మన సెలవులును వారి ఋతువును ఒకే మాసమున పడుచున్నవి.

తెలుగు మాటలాడని వారు తెలుగు పాఠమును ఇన్ని తరములు మోసిరి. వారికి మనము ఉపదేశింపవలసినది స్వల్పము. ఆ వృద్ధుడు పాడుచుండగా ప్రక్కన కూర్చుండి అక్షరములు సరిగ వ్రాసికొనుట మాత్రము మనవలన కాగల పని. అది ఈ తరమున జరుగవలసియున్నది.