ఎముకలకూ ఒక జమాఖర్చు

తిరుత్తణి కొండకు మెట్లు 365. ఏడాదికి ఎన్ని రోజులో అన్ని మెట్లని మన పెద్దలు లెక్క చెప్పేవారు. మా మేనత్తగారు అరవై యేండ్లు దాటినదాకా ప్రతి ఆడికృత్తికకు ఆ మెట్లెక్కి సుబ్రహ్మణ్యస్వామిని సేవించుకొన్నవారే. అటువంటి మనిషి పోయిన ఏడు పెరటి గడపవద్ద కాలు జారి పడి తుంటి ఎముక విరుగగొట్టుకొన్నారు. పెద్ద దెబ్బ కాదు, పరుగున పడలేదు. "ఇంత మాత్రానికే విరుగుతుందా!" అని ఇంటిల్లిపాదీ ఆశ్చర్యపోయినాము.

ఆశ్చర్యపడవలసినది అది కాదు. అంతకు ఆరేండ్ల ముందు ఆమెకు మణికట్టు విరిగినది. కట్టు కట్టించి, నయమైన పిమ్మట విప్పించి, ఆ సంగతి మరచినాము. నిజానికి అది ఎముకలు మాకు పంపిన మొదటి నోటీసు. చదువకుండా ఫైలులో పెట్టినది మేమే.

తుంటికి శస్త్రచికిత్స అయినాక డాక్టరుగారు ఎముకల సాంద్రత పరీక్ష చేయించమన్నారు. అత్తగారు నవ్వి, "ఏమి నాయనా, ఎముకలకు కూడా తూకం వేస్తారా?" అన్నారు. వేస్తారు. ఆ తూకము సంగతి మేము తెలుసుకొన్నంత మట్టుకు పాఠక కుటుంబముల ముందు పెట్టుచున్నాము.

ఎముకలో ఏమున్నది?

ఎముక ఎండుకట్టె వంటిది కాదు, ప్రాణమున్న వస్తువు. మాంసకృత్తులతో అల్లిన నార మీద కాల్షియము, భాస్వరము కలిసిన ఖనిజము గట్టిపడి ఎముక అవుతుంది. దాని బరువులో మూడింట రెండు వంతులకు దగ్గరగా ఈ ఖనిజమే. ఎదిగిన మనిషి ఒంట్లో సుమారు ఒక కిలో కాల్షియము ఉంటే, అందులో నూటికి 99 వంతులు ఎముకలలోనూ, పండ్లలోనూ ఉంటుంది.

మిగిలిన ఆ ఒక్క వంతు స్వల్పమని తలచరాదు. గుండె కొట్టుకొనుటకు, కండరము కదలుటకు రక్తములో కాల్షియము ఒక మట్టున నిలిచి ఉండవలెను. తిండిలో చాలకపోతే శరీరము ఎముకలోనుంచి తీసి రక్తానికి సర్దుబాటు చేస్తుంది. అందుచేత రక్తపరీక్షలో కాల్షియము సరిగానే ఉన్నా, ఎముకల ఖజానా లోలోపల ఖాళీ అవుతూ ఉండవచ్చును.

ఈ ఖజానాకు జమ పడేది సుమారు ముప్పై యేండ్ల వయసు వరకే. తరువాత కొంతకాలము జమ, ఖర్చు సరిపోతవి. స్త్రీలకు ముట్లుడిగిన పిమ్మట మొదటి కొద్ది సంవత్సరములలో ఖర్చు వేగముగా పెరుగుతుంది. మగవారికీ తరుగుదల ఉన్నది గాని, నెమ్మదిగా సాగుతుంది.

కొలత వచ్చిన విధము

భాస్వరమును కొలుచుటలో మన తెలుగువాని పేరు లోకమంతా నిలిచినది. భీమవరములో 1895లో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, అమెరికా వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి 1925లో ఒక పద్ధతి ప్రకటించినారు. రక్తము, మూత్రము వంటివానిలో భాస్వరమెంత ఉన్నదో నీలిరంగు చిక్కదనమునుబట్టి చెప్పే పద్ధతి అది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరము అంత ఎక్కువ.

అయితే బ్రతికి ఉన్న మనిషి ఎముకను తీసి సీసాలో వేయలేము గదా! మామూలు ఎక్స్‌రేలో లోపము కనబడేసరికి ఖనిజములో సుమారు మూడవ వంతు పోయి ఉంటుంది. 1963లో అమెరికాలో కామెరాన్, సోరెన్సన్ అనేవారు సన్నని కిరణమును ఎముకగుండా పంపి, ఎంత ఆగిపోయినదో చూచి ఖనిజమును లెక్కగట్టినారు. ఆ దారిలోనే నేటి డెక్సా యంత్రము వచ్చినది. ఇది రెండు రకముల శక్తిగల ఎక్స్‌కిరణములతో మాంసమును, ఎముకను వేరుచేసి చూస్తుంది. బల్లమీద కొద్ది నిమిషములు కదలక పడుకొంటే చాలు. సూది లేదు, నొప్పి లేదు. కిరణముల మోతాదు రొమ్ము ఎక్స్‌రేకన్న తక్కువ.

యంత్రము మొదట చెప్పేది ఖనిజము ఎన్ని గ్రాములున్నదో. దానిని ఎముక వైశాల్యముతో భాగిస్తే సాంద్రత వస్తుంది. ఆరోగ్యవంతులైన యువతుల సగటుతో దానిని పోల్చి వేసే అంకెను టీ-స్కోరు అంటారు. మైనస్ 1, అంతకు పైన ఉంటే మంచిది. మైనస్ 1కి, మైనస్ 2.5కి నడుమ ఉంటే తరుగుదల. మైనస్ 2.5 గాని, ఇంకా క్రిందికి గాని ఉంటే ఎముకలు గుల్లబారినట్లు. ఈ హద్దులు 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదికలో వచ్చినవి. మా అత్తగారి అంకె మైనస్ 3.1.

ఉచిత శిబిరములలో మడమకు పెట్టి చూచే చిన్న పరికరము ధ్వని తరంగములతో పనిచేస్తుంది. అది హెచ్చరికకు పనికివస్తుంది గాని, ఆ అంకెను డెక్సా అంకెతో సమానముగా పట్టుకొనరాదు.

ఎక్కువైతే బలమా?

ఖనిజము ఎక్కువైతే మేలే అనుకొనరాదు. 1937లో నాటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి ప్రాంతములలో వెన్ను కొయ్యబారి వంగిపోయిన మనుషులను వైద్యులు గుర్తించి లోకమునకు తెలిపినారు. అది బావినీటిలోని ఫ్లోరైడు చేసిన పని. వారి ఎముకలు ఎక్స్‌రేలో దట్టముగా కనబడినా, ఆ దట్టము బలము కాలేదు. ఖనిజము తగిన తీరున, తగిన చోట పడితేనే బలము.

మన ప్రాంతపు మాట

ఎండ దండిగా ఉన్న సీమలో మనకు డి విటమిను కొరత ఏమిటని అనుకొనేవారము. కొండకు అంత దూరమునలేని తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థవారు 2007లో ప్రకటించిన పరిశోధన ఆ భ్రమను తీర్చినది. పల్లెలలోనూ, పట్నములోనూ తిండిలో కాల్షియము తక్కువ. డి విటమిను కూడా చాలామందికి చాలలేదు. పొలము పనివారికన్న పట్నవాసులకు మరీ తక్కువ. తెల్లవారకముందే రైలెక్కి, దీపాలు పెట్టినాక ఇల్లు చేరే మనవంటి ఉద్యోగులకు ఎండ ఎక్కడిది?

2020 నాటి జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారము పెద్దవారికి దినమునకు 1000 మిల్లీగ్రాముల కాల్షియము కావలెను. ముట్లుడిగిన స్త్రీలకు 1200. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాములు, గ్లాసెడు పాలలో సుమారు 240 ఉంటవి. బియ్యములో ఉండేది అత్యల్పము. రాగిసంకటి, అంబలి పేదల తిండి అని విడిచిపెట్టి, మూడు పూటలా తెల్లన్నమునకు మరగినది మన తరమే. పెరుగు, నువ్వులు, మునగాకు, తోటకూర కూడా ఇంటిలో తిరిగి చోటు చేసుకొనవలెను.

ఎవరు పరీక్ష చేయించుకొనవలెను? అరవైయైదు దాటిన స్త్రీలు, చిన్న దెబ్బకే ఎముక విరిగినవారు, ఉబ్బసము వంటివానికి చాలాకాలము స్టీరాయిడు మాత్రలు మింగినవారు డాక్టరును అడగవలెను. ఎత్తు తగ్గినవారూ అడగవలెను. కట్టే చీర మునుపటికన్న నేలను రాస్తున్నదంటే చీర పెరుగలేదు, వెన్నెముక క్రుంగినది. అమావాస్యనాడు తిరువళ్ళూరు హృత్తాపనాశినికి వచ్చే పెద్దలలో నడుము వంగినవారిని చూచి "వయసు" అని సరిపెట్టుకొంటాము. అది తరచుగా వయసు కాదు, చప్పుడు లేకుండా నలిగిన ఎముక. వైద్యుడని పేరున్న వీరరాఘవస్వామికి మ్రొక్కుకొందాము, మనుష్య వైద్యునీ చూతాము. దీనికి మందులున్నవి. నడక, పెరటిలో దీపము, స్నానాల గదిలో పట్టుకొనుటకు ఒక కమ్మీ కూడా మందులే.

మా అత్తగారు మందు పుచ్చుకొంటున్నారు, కర్ర పట్టుకొని నడుస్తున్నారు. ఈ ఆడికృత్తికకు మెట్లదారి విడిచి బండిలో కొండ ఎక్కించినాము. బయలుదేరేముందు మొదటి మెట్టుకు పసుపు కుంకుమ పెట్టి, "ఇంక మీరెక్కండి" అన్నారు.

ఆ మాట విన్ననాటినుంచి మా ఇంట ఒక ఏర్పాటు మారినది. ఇదివరకు పాలు మగవారికి, పిల్లలకు పోసినాక మిగిలితే ఇల్లాలికి. ఇప్పుడు మొదటి గ్లాసు ఆమెది. పాఠకుల ఇండ్లలోనూ ఈ మార్పు జరుగవలెనని మా ప్రార్థన.