మీకు తెలుసా? లినక్స్‌ను పెన్ డ్రైవ్‌లోంచే నడిపి చూడొచ్చు!

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. అప్పటి నుంచి తెలిసినవాళ్లు ఎవరు కలిసినా నన్ను అడిగేది ఇదే: “మా పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసుకుందామనుకుంటున్నాం, ఏది మంచిది?” వెతకబోతే వందల పేర్లు మీద పడతాయి, ఉన్న ఉత్సాహం కాస్తా చల్లారిపోతుంది.

ఆ పేర్లను చూసి జంకక్కర్లేదు. అసలు లినక్స్ అంటే కెర్నల్ మాత్రమే, అంటే యంత్రానికీ ప్రోగ్రాములకీ మధ్య నిలిచే గుండెకాయ లాంటి భాగం. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న 21 ఏళ్ల లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టింది అదే. దానికి డెస్క్‌టాప్, మెనూలు, ప్రోగ్రాములు జోడించి వాడుకోవడానికి సిద్ధంగా ఇస్తే డిస్ట్రో అవుతుంది. వీటి మధ్య చుట్టరికాలు కూడా ఉన్నాయి. 1993లో ఇయాన్ మర్డాక్ తన స్నేహితురాలు డెబ్రా పేరులో సగం, తన పేరు కలిపి ‘డెబియన్’ అని పెట్టాడు. దాని మీద 2004లో ఉబుంటు వచ్చింది, ఉబుంటు మీద 2006లో లినక్స్ మింట్ వచ్చింది. తాత, తండ్రి, మనవడు అన్నమాట. ప్రోగ్రాములు ఎక్కించే ‘ఆప్ట్’ కమాండు ఒకదాంట్లో నేర్చుకుంటే మూడింటిలోనూ పనికొస్తుంది.

ఉబుంటు 24.04లో ఆ అంకెలేమిటో తెలుసా? 2024వ సంవత్సరం, నాలుగో నెల. విడుదలైన తేదీయే దాని పేరు! పక్కన ‘ఎల్‌టీఎస్’ అని ఉంటే అయిదేళ్లపాటు భద్రతా అప్‌డేట్లు వస్తాయి. ఫెడోరా అనే మరో డిస్ట్రో కూడా మంచిదే గానీ ఒక్కో వెర్షన్‌కు మద్దతు దాదాపు 13 నెలలే. ఆర్చ్ అనే డిస్ట్రో జోలికి ఇప్పుడే వద్దు. మొదటిసారి వేసుకునేవాళ్లకు నేను చెప్పేది మింట్. మెనూ ఎడమవైపు కింద మూలన, గడియారం కుడివైపు కింద. విండోస్‌కు అలవాటుపడిన చేతులు తడుముకోవు. ర్యామ్ 4 జీబీయే ఉంటే అందులోనే తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం తీసుకోండి.

అయితే ఎవరి మాటా, నా మాట కూడా, గుడ్డిగా నమ్మనక్కర్లేదు. నెట్ నుంచి దించుకున్న డిస్ట్రో ఐఎస్ఓ ఫైలును 8 జీబీ పెన్ డ్రైవ్‌లోకి రూఫస్, ఎచర్ లాంటి ప్రోగ్రాముతో రాయండి. ఊరికే కాపీ, పేస్ట్ చేస్తే బూట్ అవదు, చాలామంది ఆగిపోయేది అక్కడే. పెన్ డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ఖాళీది వాడండి. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూనే ఎఫ్12 నొక్కితే (కొన్నింటిలో ఎస్కేప్, మరికొన్నింటిలో ఎఫ్9) దేని నుంచి బూట్ అవ్వాలో అడుగుతుంది. పెన్ డ్రైవ్ ఎంచుకుంటే కాసేపటికి డెస్క్‌టాప్ మొత్తం ప్రత్యక్షమవుతుంది. లోపలి డిస్క్‌లో ఒక్క ఫైలూ కదలదు. పెన్ డ్రైవ్ తీసి మళ్లీ ఆన్ చేస్తే పాత విండోస్ ఎప్పటిలాగే ఉంటుంది.

ఇన్‌స్టాల్ చేసేముందే, ఇలా పెన్ డ్రైవ్‌లోంచి నడుస్తుండగానే ఓ అరగంటలో అన్నీ చూసేయండి. వైఫై దొరుకుతోందా, పాట వినిపిస్తోందా, ప్రింటర్ కాగితం తీస్తోందా, మూత వేసి తీస్తే మళ్లీ లేస్తోందా? నేను ఒకసారి ఇవేవీ చూడకుండా తొందరపడి ఇన్‌స్టాల్ చేసేశాను. వైఫై పట్టలేదు. డ్రైవర్ దొరికేదాకా రెండు రోజులు ఫోన్‌కు కేబుల్ తగిలించి నెట్ వాడుకోవాల్సి వచ్చింది.

తెలుగు సంగతి కూడా అప్పుడే తేల్చుకోండి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంది, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు టైపు చేసే పద్ధతీ ఉంది. పోతన, వేమన పేర్లతో ఉన్న తెలుగు ఫాంట్లు డెబియన్ భాండాగారంలో ఉచితంగా దొరుకుతాయని తెలిసిన రోజు నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

అంతా నచ్చితే డెస్క్‌టాప్ మీదే ఇన్‌స్టాల్ గుర్తు ఉంటుంది. దారిలో ‘ఎరేజ్ డిస్క్’ అనే ఎంపిక ఎదురవుతుంది. అది నిజంగానే డిస్క్ అంతా తుడిచేస్తుంది. పెళ్లి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, పొలం కాగితాల స్కాన్ కాపీలు వేరే హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి, అక్కడ తెరుచుకుంటున్నాయని కళ్లారా చూసుకున్నాకే దాని మీద నొక్కండి.