ఆకుపచ్చ దీపము వెలుగుచుండగా తొట్టి ఖాళీయేల?

ఇటీవల మేమొక గ్రామమున ఉన్నత పాఠశాలను చూడబోయితిమి. అక్కడి తొమ్మిదవ తరగతి విద్యార్థులు మేడపైనున్న 1000 లీటర్ల నీటి తొట్టికి ఒక సూచికను అమర్చిరి. తొట్టి మూత లోపలివైపున దూరమును కొలుచు సెన్సారు, క్రింద మెట్ల గదిలో మోటారు స్విచ్చు ప్రక్కన ఒక చిన్న మైక్రోకంట్రోలరు పలక, దానికి తగిలించిన 30 రంగు దీపముల పట్టీ, ఇంతే ఆ పరికరము. తొట్టి నిండుగా నున్నచో పట్టీ ఆకుపచ్చగను, సగమైనచో పసుపుగను, నీరు అడుగంటినచో ఎర్రగను వెలుగవలెను. పంచాయతీవారు దీనికి కొంత సొమ్మిచ్చియుండిరి.

మేము వెళ్లిన దినముననే అది పరువు తీసినది. పట్టీ అంతయు ఆకుపచ్చగా వెలుగుచుండుటచే ఎవరును మోటారు వేయలేదు. మధ్యాహ్న భోజనము వండు ఆమె కుళాయి త్రిప్పగా చుక్క నీరు రాలేదు. పిల్లలకు అన్నము గంటన్నర ఆలస్యమైనది. అక్కడనున్న వార్డు సభ్యులొకరు, "పంచాయతీ డబ్బుతో బొమ్మ కొన్నట్లయినది" అని విసుగుకొనిరి. ప్రధానోపాధ్యాయులు దానిని ఊడదీయించి అలమారులో పెట్టింపబోయిరి. అంతట పరికరమును చేసిన బాలికలలో ఒకతె ముందుకు వచ్చి, "ఒక్క గంట ఆగండి బాబాయిగారూ, తప్పెక్కడుందో మీ ఎదుటనే చూపిస్తాను" అన్నది. ఆమె వెదకిన విధము పంచాయతీ సభ్యులకు పనికివచ్చునని తోచి ఇచ్చట వివరించుచున్నాము.

అది ఆర్డ్యుయినో అను పలక. ఇట్టి పలకను 2005వ సంవత్సరమున ఇటలీ దేశమందలి ఇవ్రేయా పట్టణములో, ఎలక్ట్రానిక్సు చదువని విద్యార్థులకు సైతము సులభముగా నుండునట్లు రూపొందించిరి. 2016లో ప్రారంభమైన అటల్ ఇన్నొవేషన్ మిషన్ క్రింద మన పాఠశాలలలో నెలకొల్పిన టింకరింగ్ ప్రయోగశాలలలో పిల్లలు ఇట్టివానితోనే పని నేర్చుచున్నారు. పలకపైనున్న చిప్పులో మనము వ్రాసిన ఆజ్ఞల వరుస నిలిచియుండును. సెన్సారు మన చెవికి వినబడని 40 కిలోహెర్ట్జ్‌ల ధ్వనిని నీటిమీదికి పంపి, ప్రతిధ్వని తిరిగివచ్చుటకు పట్టిన కాలమును పలకకు తెలుపును. బావిలోనికి కేక వేసి ప్రతిధ్వనికై చెవియొగ్గినట్లే. ఒక సెంటీమీటరు దూరమునకు ధ్వని పోయి వచ్చుటకు సుమారు 58 మైక్రోసెకన్లు పట్టును. నీరు మూతకు దగ్గరగా నున్నచో తొట్టి నిండినదనియు, దూరముగా నున్నచో ఖాళీ యనియు పలక లెక్కకట్టును.

బాలిక మొట్టమొదట చిప్పును అనుమానింపలేదు, విద్యుత్తును చూచినది. ఇది సరియైన పద్ధతి. ఇట్టి పరికరములలో మెదడు చెడుట అరుదు. తీగలు, సరఫరా చెడుటయే తరచు. పట్టీలోని ఒక్కొక్క దీపము పూర్తి తెలుపున వెలిగినచో 60 మిల్లీ ఆంపియర్ల వరకు తీసికొనును. 30 దీపములకు 1800 అగును. కంప్యూటరు యొక్క మామూలు యుఎస్‌బి రంధ్రము ఇచ్చునది 500 మాత్రమే. ఊరిలోని పంపుసెట్లన్నియు ఒక్కసారిగా వేసినప్పుడు ఇంటి దీపములు మందగించినట్లే ఇక్కడను వోల్టేజి పడిపోయి, పలక మాటిమాటికి మొదటికి వచ్చును. అందుచేత పట్టీకి వేరుగా 5 వోల్టుల సరఫరా ఈయవలెను. అట్లిచ్చినప్పుడు ఆ సరఫరా నెగెటివు తీగను పలక నెగెటివు తీగతో తప్పక కలుపవలెను. కలుపనిచో దీపములు ఇష్టము వచ్చినట్లు మిణుకుమనును. పిల్లలు ఈ రెండును సరిగనే చేసియుండిరి. మీటరు 4.9 వోల్టులు చూపినది.

"అమ్మాయీ, ఎరుపు రావలసినచోట ఆకుపచ్చ వచ్చుచున్నదేమో?" అని వార్డు సభ్యులు అడిగిరి. మంచి ప్రశ్న. కొన్ని పట్టీలు ఆజ్ఞలో ఆకుపచ్చను ముందుగాను, ఎరుపును తరువాతను చదువుకొనును. అది తెలియక వ్రాసినచో ఎరుపు అడిగిన ఆకుపచ్చ వెలుగును. బాలిక సెన్సారును విడదీసి, దీపములకు మాత్రము ఒక చిన్న ఆజ్ఞల వరుస నెక్కించినది. ఎరుపనగా ఎరుపే వచ్చినది. దీపములలో దోషము లేదు.

తరువాత దీపములను విడిచి, సెన్సారును మాత్రము పరీక్షించి అంకెలను కంప్యూటరు తెరపై చూచినది. తొట్టి మూతనుండి వచ్చుచున్న అంకె సున్న. ఎన్నిమార్లు చూచినను సున్న. అదే సెన్సారును క్రిందికి తెచ్చి, పొట్టి తీగతో తగిలించి, 30 సెంటీమీటర్ల దూరమున అట్టపుస్తకమును పట్టగా 30 అని సరిగా చూపినది. కనుక దోషము నడుమనున్న తీగలోనిది. తొట్టిలోని ఆవిరికి తీగ చివరి పిన్ను చిలుమెక్కి, ప్రతిధ్వనిని తెలుపు తీగ ఊడిపోయినది.

అయినను అసలు తప్పు ఇది కాదు. తీగ లెప్పుడో యొకప్పుడు ఊడును. ప్రతిధ్వని రాలేదన్న సంగతిని ఆర్డ్యుయినో సున్న అను అంకెతో తెలుపును. పిల్లలు వ్రాసిన ఆజ్ఞల వరుస ఆ సున్నను దూరమని భావించినది. సున్న సెంటీమీటర్ల దూరమనగా నీరు మూతను తాకుచున్నదన్నమాట! తీగ తెగిన క్షణమునుండి ఆ యంత్రము తొట్టి నిండినదని ఆకుపచ్చ దీపముతో చెప్పుచునే యుండెను. సూచిక లేనిచో ఎవరైనను మెట్లెక్కి చూచియుందురు. అబద్ధమాడు సూచిక యుండుటచేతనే చూడలేదు.

బాలిక పిన్నును శుభ్రపరచి, తీగను సోల్డరు పెట్టి అతికినది. పిమ్మట ఆజ్ఞలను సవరించినది. ఈ సెన్సారు 2 సెంటీమీటర్లకన్న దగ్గర దూరమును కొలువజాలదు. తొట్టి లోతును మించిన అంకెయు నమ్మదగినది కాదు. ఈ రెండింటిలో ఏది వచ్చినను "తెలియదు" అనుటకు గుర్తుగా నీలి దీపము వెలిగి ఆరుచుండునట్లు చేసినది. వేసవిలో ధ్వని వేగము పెరుగును గనుక మీటరు లోతు తొట్టిలో మూడు నాలుగు సెంటీమీటర్ల తేడా రావచ్చును. దానితో మనకు పని లేదు. ఆవిరిని తట్టుకొను సెన్సారులు వేరుగా దొరకును. అవి దగ్గర దూరమును కొలువలేవు గనుక, నీటికిని మూతకును నడుమ ఎడము ఎక్కువగా నుంచవలెను.

మీ గ్రామమున పిల్లలు గాని, అమ్మకమునకు వచ్చినవారు గాని ఇట్టి సూచికను చూపినప్పుడు సభ్యులు అడుగవలసిన ప్రశ్న ఒక్కటే కలదు: సెన్సారు తీగ ఊడదీసినచో ఏ దీపము వెలుగును? ఆకుపచ్చ వెలిగినచో దానిని సవరింపజేసిన పిమ్మటనే తొట్టికి తగిలింపుడు. ఇంకొక మాట. పిల్లల పలకను మోటారు కరెంటు లైనుకు కలుపనీయరాదు. ఆ పని ఎలక్ట్రీషియనుది.

ఆ సాయంకాలము వార్డు సభ్యులు తామే మేడ యెక్కి తీగ లాగిరి. క్రిందనుండి పిల్లలు "నీలం, నీలం" అని కేకలు వేసిరి. మరల తగిలింపగా ఎరుపు వెలిగినది. వారు దిగివచ్చి మోటారు వేసిరి.